రెబెకా పెద్దమ్మ సోమవారాలు

"నా పేరు ఎక్కడుందో చూపించు. ఊరంతా విన్నారుగా. నీ పేరుంది, నీ పెళ్ళాం పేరుంది, నీ పిల్లల పేర్లున్నాయి. ఆఖరికి పక్కింటి కుంటి ఫెరెన్స్ పేరు కూడా ఉంది. నాదేది?"

"అరవకక్కా. లోపల జనం భోంచేస్తున్నారు."

"తిననీ. వాళ్ళకి వినపడాలనే అంటున్నా. పంతొమ్మిదేళ్ళు నోరు మూసుకున్నా కదరా. ఇవాళ ఒక్కరోజు అరిస్తే నీ పెద్దరికం అరిగిపోద్దా?"

"అది నాన్న మాట. నాది కాదు."

"నాన్న నీతో అన్నాడా? తన నోటితో అన్నాడా? నా మొహంలోకి చూసి చెప్పు మార్తొన్."

"అయ్యగారినడుగు. చదివింది ఆయన."

గోడకి ఇవతల, పెరటి వంటగదిలో, అయ్యగారు బెర్తలాన్ తన నల్ల అంగీ గుండీ ఒకటి విప్పి రెండోది విప్పకుండా ఆగిపోయాడు. అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. కిష్‌పతక్ సంఘానికి పాస్టరుగా వచ్చి రెండేళ్ళయింది. బయట గొడవపడుతున్న అక్కాతమ్ముళ్ళు ఇల్కా, మార్తొన్. గంట క్రితం మట్టిచేసి వచ్చిన కొర్పొష్ మిహాయ్ పిల్లలు.

ఆ ఊళ్ళో శవపేటికని ముంగిట్లోంచి లేపేముందు పాస్టరు పోయినవాడి గొంతుతో మాట్లాడాలి. "కొడుకా మార్తొన్, నువ్వు కట్టించిన కొట్టంలో నా గొడ్లు చల్లగా ఉన్నాయి, నేనింక వెళ్ళొస్తా" అని, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి సెలవు తీసుకోవాలి. పేరు వినపడగానే ఆ మనిషి బావురుమంటాడు. అదే వాళ్ళకి ఓదార్పు. ముప్పై ఏళ్ళుగా మాటల్లేనివాళ్ళకి కూడా ఆ నాలుగు ముక్కలతో తగువు తీరిపోతుంది. పేరు రాకపోతే మాత్రం ఇక తీరదు. పోయినవాడు రెండోసారి పోడు కదా.

ఇల్కా పంతొమ్మిదేళ్ళ క్రితం కొండకవతలి రొమేనియన్ అబ్బాయిని, వేరే భాష, వేరే గుడి వాణ్ణి, పెళ్ళి చేసుకుంది. పిల్లలకి వాళ్ళ గుళ్ళోనే బాప్తిస్మం ఇప్పించింది. ఆ రోజునుంచి మిహాయ్ కూతురి గడప తొక్కలేదు, ఆమెని తన గడప తొక్కనివ్వలేదు. చావుకి మాత్రం వచ్చింది. నల్ల రుమాలు కట్టుకుని ఆడవాళ్ళ వరసలో అందరికంటే చివర నిలబడింది. బెర్తలాన్ పేర్లు చదువుతున్నంతసేపూ ఆమె కొద్దికొద్దిగా ముందుకి వంగడం అతను చూశాడు. ఆఖరి పేరు అయిపోయాక కూడా ఆమె అలా వంగే ఉంది. ఇంకోటి ఉందేమోనని.

పేర్ల కాగితం ఇచ్చింది మార్తొన్. చర్చి తాళాలు, చర్చి కప్పు మరమ్మతు, పాస్టరు ఇంటికొచ్చే చలికాలపు కట్టెలు, అన్నీ సంఘపెద్దగా మార్తొన్ చేతిలోనే ఉంటాయి. "అక్క పేరు అక్కర్లేదు, నాన్న వద్దన్నాడు" అన్నాడు. బెర్తలాన్ ఎందుకని అడగలేదు. ఎప్పుడన్నాడని అడగలేదు. తల ఊపాడు.

ఇప్పుడు గోడకవతల తన ప్రస్తావన వినపడినా బయటికి వెళ్ళలేదు. అంగీ విప్పి చంకన పెట్టుకుని పెరటి తలుపులోంచి, బాతుల మధ్యనుంచి, వెనక సందులోకి జారుకున్నాడు. దాన్ని పిరికితనం అనే అనాలి. అతనూ తర్వాత అదే మాట అన్నాడు.

అతను ముంగిట్లో పేర్లు చదివిన సమయానికి రెబెకా పెద్దమ్మ చర్చి గోపురంలో గంట తాడు పట్టుకుని ఉంది. గంట కొట్టేవాళ్ళు సెలవు మాటలు ఎప్పుడూ వినరు. శవం ముంగిలి దాటకముందునుంచీ మట్టి పడేదాకా వాళ్ళు తాడు దగ్గరే ఉండాలి. నలభై ఏళ్ళలో ఊళ్ళో ఎవరు ఎవరి దగ్గర సెలవు తీసుకున్నారో ఆమెకి తర్వాత ఇంకొకరు చెప్పాల్సిందే.

ఆమె తండ్రి గొర్రెల కాపరి. చదువు ఆరో తరగతి. పంతొమ్మిదో ఏట గంట కొట్టే కుదొర్ ఆంద్రాష్‌ని పెళ్ళి చేసుకుంది. అతను రాతి గనిలో కూడా పనిచేసేవాడు. ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై, ఆమెకి ముప్పై నాలుగేళ్ళప్పుడు పోయాడు. పిల్లల్లేరు. ఇక గంట ఎవరు కొట్టాలని పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, తేలక, రేపు చూద్దామని లేచారు. తెల్లారి ఆరింటికి గంట దానంతటదే మోగినట్టు మోగింది. వెళ్ళి చూస్తే రెబెకా. మొగుడి బూట్లు వేసుకుని తాడు లాగుతోంది. ఆ తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

పొట్టి మనిషి. తాడు లాగి లాగి ఎడమ భుజం కుడిదానికంటే బెత్తెడు పైకి లేచిపోయింది. మాట గరుకు. మనసు మెత్తన అని రాయను, మెత్తగా ఉంటే ఆమె తర్వాత చేసిన పని చేసి ఉండేది కాదు.

బెర్తలాన్‌కి ముందున్న పాస్టరు పేరు గెదో. ఇరవై ఆరేళ్ళకి వచ్చాడు. మంచి గొంతు, చక్కటి ప్రసంగం, ఎవరితోనూ గొడవపడడు. "మా అయ్యగారు మమ్మల్ని ఏ ఇబ్బందీ పెట్టరు" అని ఊరు గొప్పగా చెప్పుకునేది. ఆయన్ని కూడా ఎవరూ ఏ ఇబ్బందీ పెట్టలేదు. చావులు, పెళ్ళిళ్ళు, సంఘంలో చేరబోయే పిల్లల పాఠాలు, పై ఊళ్ళో రెండో సంఘం. అందరి గోడూ ఆయన వినాలి. ఆయన గోడు వినేవాళ్ళు లేరు. ఐదో ఏటనుంచి ఆయన గదిలో ఆల్‌బుకరా పళ్ళ సారా సీసాలు కనపడసాగాయి. రెబెకా వాటిని అప్రాన్‌లో చుట్టి, ఎవరూ చూడకుండా వాగులో పారేసి వచ్చేది. అదే విశ్వాసం అనుకుంది. అయ్యగారి పరువు కాపాడుతున్నా అనుకుంది.

పదకొండో ఏట ఒక ఆదివారం ఆరాధనకి పిలిచే మూడు గంటలూ కొట్టినా ఆయన రాలేదు. పట్నం ఆసుపత్రిలో చేర్చారు. రెబెకా బస్సెక్కి చూడ్డానికి వెళ్ళింది. పసుపు పచ్చగా పడున్న మనిషి పక్కన కూర్చుని, ఏమనాలో తెలియక, "ఎట్లా ఉన్నారయ్యగారూ" అంది.

"పదకొండేళ్ళలో ఈ మాట నన్నడిగింది నువ్వొక్కదానివే రెబెకా" అన్నాడాయన.

నాలుగు రోజులకి పోయాడు. నలభై నిండలేదు. ఆ మాట పొగడ్త కాదని రెబెకాకి తెలుసు. పదకొండేళ్ళు పక్కనే ఉండి ఆమె కూడా అడగలేదు. సీసాలు మోసింది అంతే.

ఆ తర్వాత ఆరేళ్ళు ఊరికి పాస్టరు లేడు. పక్క ఊరాయన నెలకి రెండుసార్లు వచ్చి పోయేవాడు. ఆ ఆరేళ్ళలో రెబెకా గంటకీ గంటకీ మధ్య గోపురం మెట్ల మీద కూర్చుని వాక్యం చదివింది. చదువుతూ పెన్సిలుతో గీతలు పెట్టింది. అందరూ దేవుడి ఆజ్ఞల కింద, వాగ్దానాల కింద గీస్తారు. ఆమె దేవుడు అడిగిన ప్రశ్నల కింద గీసింది. చెట్ల చాటున దాక్కున్న ఆదాముని ఎక్కడున్నావని అడిగాడు. తమ్ముణ్ణి చంపినవాణ్ణి తమ్ముడెక్కడని అడిగాడు. కళ్ళు లేనివాడు ఎదురొచ్చి నిలబడితే నీకేం కావాలని ప్రభువు అడిగాడు. "ఆయనకి తెలవక అడిగాడా? తెలిసీ అడిగాడు. వాడి నోటితో వాడు చెప్పుకోవాలని" అని బెర్తలాన్‌తో ఒకసారి అంది.

బెర్తలాన్ వచ్చిన మొదటి సోమవారం, చర్చిలో మర్చిపోయిన కళ్ళజోడు కోసం వెళితే ఆమె ఊడుస్తోంది.

"ఖాళీయేనా అయ్యగారూ? అయితే ఇట్లా కూర్చోండి."

చీపురుతో చూపించిన చోటు మగవాళ్ళ వైపు ఆఖరి బల్ల, స్తంభం వెనక. ఆ చర్చిలో ఎవరి చోటు వాళ్ళదే. తాతల నాటినుంచి ఏ ఇంటివాళ్ళు ఏ బల్ల మీద కూర్చుంటారో ఊరందరికీ తెలుసు, మనిషి పోయినా చాలాకాలం ఆ చోట ఇంకొకరు కూర్చోరు.

"ఇది మెడ తిరగని అగోస్తొన్ చోటు. నిన్న మీ ప్రసంగంలో ఇక్కడికేం చేరింది?"

"నా గొంతు వెనకదాకా వస్తుంది పెద్దమ్మా. పట్నంలో దీనికంటే పెద్ద చర్చిలో..."

"గొంతు సంగతి నేనడగలా."

ఆమె ఊడుస్తూనే ఉంది. జవాబు కోసం తొందరపెట్టలేదు, తనే చెప్పేయలేదు. బెర్తలాన్ విసుగ్గా అటూఇటూ చూశాడు. ఆ చోటునుంచి ప్రసంగపీఠం కనపడదు. చల్లారిన పొయ్యి కనపడుతుంది. ఆడవాళ్ళ వైపు ఒక ఖాళీ చోటు, దాని మీద మడతపెట్టిన ఎర్ర కుట్టుపని గుడ్డ కనపడతాయి.

"అదెవరి చోటు?"

"ఎవరిదై ఉంటది?"

అగోస్తొన్ భార్యది. రెండు నెలల క్రితం పోయింది. ఆ సంగతి రికార్డులో చదివాడు. చదివి కూడా నిన్న తన మొదటి ప్రసంగంలో ఇల్లాలున్న ఇంటి కళ గురించి ముప్పావుగంట మాట్లాడాడు. కళ్ళజోడు తీసుకోకుండానే బయటికొచ్చాడు. తిన్నగా అగోస్తొన్ ఇంటికి వెళ్ళాడు.

అలా మొదలైంది. ప్రతి సోమవారం ఒక చోటు. ఆమె అడుగుతుంది, అతను కూర్చుని ఆలోచిస్తాడు, ఆమె ఊడుస్తుంది. ఒక్కోసారి చర్చి మొత్తం ఊడ్చడం అయిపోయినా జవాబు రాదు. అప్పుడు మళ్ళీ మొదటినుంచి ఊడుస్తుంది.

"మీకు తెలిసింది మీరే చెప్పేయొచ్చుగా పెద్దమ్మా. ఇద్దరికీ టైం కలిసొస్తుంది."

"నాకేం తెలుసు? మంద తోలేది మీరు. ఏ గొర్రె కుంటుతుందో చూసింది మీరు. చూసినట్టు మీకే గుర్తుండదు, నేను గుర్తుచేస్తా అంతే."

"వేదాంత కళాశాలలో ఐదేళ్ళు చదివా. ఒక్క మాస్టారు కూడా ఇట్లా ఏడిపించలేదు."

"ఐదేళ్ళలో ఒక్కసారన్నా వెనక బల్ల మీద కూర్చున్నారా?"

"కూర్చున్నా. నిద్రపోవడానికి."

"అయితే ఆ చోటు సంగతి మీకు బాగా తెలుసు."

రెండేళ్ళలో ముప్పై ఏడు చోట్లలో కూర్చున్నాడు. ప్రసంగాలు పొట్టివయ్యాయి. ఇళ్ళకి వెళ్ళినప్పుడు తక్కువ మాట్లాడ్డం నేర్చుకున్నాడు. రాత్రిళ్ళు నిద్ర పడుతోందని, ఈ ఊరు వదిలి పట్నానికి అర్జీ పెట్టుకోవాలన్న ఆలోచన పోయిందని ఆమెతోనే ఒప్పుకున్నాడు. "ఎందుకు పోయిందంటారు?" అని ఆమె దానికీ ప్రశ్నే వేసింది.

అంతా మార్తొన్ ఒక్క మాటతో చెడింది. ఆ ఏడు వేసవి చివర పెద్దల కూటంలో, కప్పు రేకుల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ అన్నాడు.

"అయ్యగారినడక్కండి, ఆయన సోమవారందాకా చెప్పలేరు. సోమవారం సోమవారం బడికెళ్తున్నారంట. టీచరమ్మ చీపురు పట్టుకుని పాఠం చెప్తదంట."

అందరూ నవ్వారు. బెర్తలాన్ కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండేది. ఇంటికొచ్చాక, ఐదేళ్ళ చదువు చదివి గంట కొట్టే ముసలమ్మ ముందు నోరు తెరుచుకుని కూర్చుంటున్నానా అనిపించింది. ఆ సోమవారం పనుంది అన్నాడు. తర్వాతి సోమవారం కబురు కూడా పెట్టలేదు. అలా ఆరు వారాలు. ఒకరోజు గేటు దగ్గర ఎదురుపడి ఆమె "ఎట్లా ఉన్నారయ్యగారూ" అంటే, "బావున్నా పెద్దమ్మా, పని ఎక్కువగా ఉంది" అని ఆగకుండా వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ ఆరు వారాల్లోనే మిహాయ్ మంచం పట్టాడు, పోయాడు, మట్టయ్యాడు.

శవం లేచిన తర్వాతి సోమవారం బెర్తలాన్ చర్చి తలుపు తోశాడు. రెబెకా బల్లలు తుడుస్తోంది. ఆడవాళ్ళ వైపు మూడో బల్ల దగ్గరికి వెళ్ళి, గోడవైపు చివరి చోటు గుడ్డతో తుడిచి పక్కకి జరిగింది. ఆ చోటు పెళ్ళికి ముందు ఇల్కాది. పంతొమ్మిదేళ్ళుగా అక్కడెవరూ కూర్చోలేదు.

అతను కూర్చున్నాడు.

"నేను తాడు దగ్గరున్నా అయ్యగారూ. ఏం జరిగిందో మీరే చెప్పండి."

చెప్పాడు. కాగితం సంగతి, ఇల్కా ముందుకి వంగి నిలబడ్డ సంగతి, బాతుల మధ్యనుంచి పారిపోయిన సంగతి. చెబుతున్నంతసేపూ మార్తొన్‌ని తిట్టాడు. రెబెకా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మిహాయ్‌కి మంచం దగ్గర ప్రార్థన చేసి రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడానికి ఎన్నిసార్లెళ్ళారు?"

"రెండుసార్లు."

"రెండోసారి ఎవరున్నారు గదిలో?"

"ఎవరూ లేరు. మార్తొన్ పాలు పితకడానికెళ్ళాడు."

"మిహాయ్ ఏమన్నాడు?"

బెర్తలాన్ జవాబు చెప్పబోయి ఆగాడు. ఆమె ఈసారి ఊడవలేదు, తుడవలేదు, ఊరికే నిలబడింది.

"'ఒక సంగతుంది అయ్యగారూ' అన్నాడు మిహాయ్" అన్నాడు చివరికి. "నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు పై ఊళ్ళో కూడిక ఉంది, ఆలస్యమైంది. దేవుడికి అన్నీ తెలుసు తాతా, మీరేం దిగులు పడొద్దు అన్నా. అని కీర్తన అందుకున్నా. మొత్తం చదివా. చదివేసరికి నిద్రపోయాడు. నిద్రనుకున్నా. కళ్ళు మూసుకుని ఊరుకున్నాడు అంతే పెద్దమ్మా. ఏంటా సంగతి అని నేనడగలేదు."

తర్వాత అతను రెండు చేతులూ ముందు బల్ల మీద పెట్టి, వాటి మీద తల పెట్టుకుని ఏడ్చాడు. రెబెకా అతని పక్కన కూర్చుంది. మిహాయ్ భార్య చోటు అది. అంతకుముందు ఎప్పుడూ ఆమె అతని పక్కన కూర్చోలేదు. చాలాసేపటికి, "ఇప్పుడేం చేస్తారు?" అంది.

"ఇల్కా దగ్గరికెళ్తా."

"వెళ్ళి?"

"జరిగింది చెప్తా."

"ఆమెకది మోయదగ్గదేనా? మీ బరువు దించుకోడానికి వెళ్తున్నారా, ఆమెది ఎత్తడానికా?"

రెండూ అనుకున్నాడు. మంగళవారం పొద్దున్నే కొండెక్కి అవతలికి దిగాడు.

ఇల్కా ఇంటి ముందు ఆల్‌బుకరా పళ్ళ పాకం కాస్తోంది. నడుమెత్తు రాగి గుండిగ, కింద మంట, చేతిలో పొడుగాటి కర్ర తెడ్డు. అది పొద్దున ఎక్కిస్తే సాయంత్రందాకా తిప్పుతూనే ఉండాలి, ఆపితే అంటుకుంటుంది. అయ్యగారిని చూసి ఆమె తెడ్డు ఆపలేదు. కూర్చోమని అనలేదు.

"దారి తప్పారా? మీ గుడి అటువైపు."

"మీ కోసమే వచ్చానమ్మా. మీ పేరు చదవనందుకు. అది నేను అడగకుండా ఒప్పుకున్న తప్పు."

"ఒప్పుకున్నారుగా. వెళ్ళండి."

"ఇంకోటుంది."

చెప్పాడు. నాన్న చెయ్యి పట్టుకున్నాడని, ఒక సంగతుందన్నాడని, తను కీర్తన చదివి ఆ నోరు మూయించానని. తనని తాను కాపాడుకునే మాట ఒక్కటి కూడా కలపలేదు. ఆమె తెడ్డు తిప్పుతూనే వింది. తర్వాత నెమ్మదిగా తిప్పింది. తర్వాత ఆపింది.

"నా గురించేనా?"

"తెలీదమ్మా."

"పొలం గురించేమో. ఆవు గురించేమో."

"అయ్యుండొచ్చు. నాకు తెలీదు."

"మరి నాకెందుకు చెప్పారు?" ఆమె గొంతు పెరగలేదు. తమ్ముడి మీద అరిచిన మనిషేనా అనిపించేలా ఉంది. "నాన్నకి నేను అక్కర్లేదు అని పంతొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు. బండలాంటి మాట అది. అయినా బండ మీద ఇల్లు కట్టుకోవచ్చు. కట్టుకున్నా. పిల్లల్ని పెంచుకున్నా. ఇవాళ మీరొచ్చి ఆ బండ కింద ఏదో ఉందేమో, ఉండకపోవచ్చేమో అంటున్నారు. ఇప్పుడు నేనెక్కడ నిలబడాలి?"

మాడిన వాసన వచ్చింది. ఆమె చూసుకోలేదు. బెర్తలాన్ తెడ్డు అందుకోబోతే చేత్తో తోసేసింది.

"పోండయ్యగారూ. మీరు చాలా మంచివాళ్ళే. పోండి."

ఆ మాట తిట్టయినా బాగుండేదని అతను దారంతా అనుకున్నాడు.

జరిగిందంతా రెబెకాకి చెబితే ఆమె తన మొహం అప్రాన్‌తో తుడుచుకుంది. "ఆ ఆరు వారాలు నేను మీ గుమ్మం దాకా ఎందుకు రాలేదయ్యగారూ?" అంది. "చీపురు టీచరమ్మ అన్నారని నాక్కూడా పౌరుషమొచ్చింది. పిలవని ఇంటికి ఎందుకెళ్ళాలనుకున్నా. ఒకాయన పోయాక కూడా బుద్ధి రాలేదు నాకు." ఆమె తనకి తాను ప్రశ్న వేసుకోవడం అతను చూడ్డం అదే మొదటిసారి. జవాబు అతను చెప్పబోలేదు, ఆ మాత్రం నేర్చుకున్నాడు.

ఆ శరదృతువులో ఇల్కా తండ్రి సమాధికి పూలు తేవడానికి కూడా రాలేదు. ఊళ్ళో సంగతి పాకింది. కొందరు మార్తొన్ వైపు, కొందరు అక్క వైపు. పెద్దల కూటానికి ఇద్దరు రావడం మానేశారు. బెర్తలాన్, మార్తొన్ తాళాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు తప్ప మాట్లాడుకోవడం లేదు. "మీ నాన్న నిజంగా వద్దన్నాడా" అని బెర్తలాన్ ఒకసారి పెద్దల ముందే అడిగాడు. "అన్నాడు" అన్నాడు మార్తొన్, రాయిలా. ఆ రోజే బెర్తలాన్ పై అధికారికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు, ఈ మనిషిని సంఘపెద్దగా తీసేయమని.

నవంబరులో రెబెకా తాడు దగ్గర కూలబడింది. కడుపులో కణితి అన్నారు పట్నం డాక్టర్లు. కోయడానికి లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. నలభై ఏళ్ళ తర్వాత గంట తాడు ఇంకొకరి చేతికి వెళ్ళింది. ఎవరూ ముందుకి రాకపోతే మార్తొనే కొడుతున్నాడు.

బెర్తలాన్ ప్రతి ఉదయం ఆమె ఇంటికి వెళ్ళేవాడు. మంచం కిటికీ పక్కన. ఆమె సగానికి సగం అయిపోయింది. ఎత్తుగా ఉండే ఎడమ భుజం మాత్రం దుప్పటి కింద అలాగే ఉంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి, ఉత్తరం సంగతి చెప్పాడు. రాయడం పూర్తయింది, రేపు పోస్టులో వేస్తానన్నాడు.

"పొద్దున గంట విన్నారా?" అంది.

"విన్నా. తప్పుగా కొడుతున్నాడు. మీకు నిద్ర చెడుతోందా?"

"లాగుతున్నాడు, వదలట్లా. లాగాక తాడు వదిలెయ్యాలి, పైకెళ్ళి అదే దిగుద్ది. వాడు వదలకుండా దాంతోపాటు వేలాడుతున్నాడు. చేతులు ఒరుసుకుపోతాయి." కాసేపు ఊపిరి తీసుకుంది. "మిహాయ్ పక్కన ఆఖరి పదకొండు రోజులు ఎవరున్నారు?"

"మార్తొన్."

"మీకు చెప్పలేకపోయింది మిహాయ్ ఇంకెవరికైనా చెప్పాలంటే ఎవరికి చెప్తాడు?"

బెర్తలాన్ కిటికీలోంచి గోపురం వైపు చూశాడు.

"మీరు వాణ్ణి అడిగానన్నారు. అడిగారా, నిలదీశారా?"

"పెద్దల ముందు..."

"పెద్దల ముందు వాడు ఇంకేమంటాడు? ఒకసారి అన్నాక ఇంక అదే అనాలి. నాన్న కూతురి పేరు తలచి ఉంటే అది వాడి లోపలుంది. తలవకపోతే అదీ వాడి లోపలే ఉంది. ఇల్కాకి కావాల్సింది ఈ లోకంలో ఇంక వాడి దగ్గర తప్ప లేదు. మీ ఉత్తరంతో వాడు పెద్దరికం పోగొట్టుకుంటాడు, దాంతో నోరు కూడా కుట్టేసుకుంటాడు. అప్పుడామె గతేంటి?"

"వాడంటే నాకు అసహ్యంగా ఉంది పెద్దమ్మా. వాడి కోసం అబద్ధపు ప్రార్థన చేయను."

"ఇష్టపడమన్నానా?"

ఆమెకి దగ్గొచ్చింది. అతను నీళ్ళు పట్టాడు. రెండు గుక్కలు మింగి, గ్లాసు పట్టుకున్న అతని చేతిని వదల్లేదు. ఆమె వేళ్ళు తాడుకి కాయకట్టి బెరడులా ఉన్నాయి. ఈ రెండేళ్ళలో ఆమె అతన్ని ఏదీ ఇమ్మనలేదు, ఏదీ చేయమనలేదు. మొదటిసారి ఆమె మాట ప్రశ్నగా రాలేదు.

"ఒకటి అడుగుతా, చెయ్యండి. ఆ ఉత్తరం పొయ్యిలో వెయ్యండి. చర్చి ఊడ్చడానికి నేను లేనుగా, రేపటినుంచి చీపురు మీరు పట్టండి. మార్తొన్‌ని రమ్మనండి. పనికని పిలవండి, వస్తాడు, బల్లలు జరపాలనండి. ఎవర్నీ రానివ్వద్దు. కూర్చోబెట్టండి. ఏం అడగాలో నాకు తెలీదు, వాణ్ణి చూశాక మీకే తెలుస్తది. అడిగాక మాత్రం మీరు మాట్లాడొద్దు. వాక్యం ఎత్తొద్దు, ప్రార్థన కూడా చెయ్యొద్దు, ఊడుస్తా ఉండండి. రేపు నోరు తెరవకపోతే పై సోమవారం. అప్పుడూ తెరవకపోతే ఆ పైది. ఏడాది పట్టినా సరే, వాణ్ణి వదలొద్దయ్యగారూ."